జవాబు రాయాల్సిన సగం

నేను ముప్పై ఏళ్లకు పైగా ఆడిట్ పార్టీలతో ఊళ్లు తిరిగినవాణ్ని. మమ్మల్ని అందరూ ‘ఏజీ ఆఫీసువాళ్లు’, అంటే అకౌంటెంట్ జనరల్ ఆఫీసువాళ్లు, అంటారు. ప్రభుత్వ ఆడిట్ గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు రాజ్యాంగ అధికరణాల కన్నా ముందు నా మనసులోకి వచ్చింది ఒక సంక్షేమ హాస్టల్ స్టాకు రిజిస్టరు. ఆ సంగతి చెప్పే మొదలుపెడతాను.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజులవి. మా పార్టీ ఒక చిన్న ఊళ్లో హాస్టల్ లెక్కలు చూస్తోంది. హాజరు రిజిస్టరు, స్టాకు రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని రోజువారీగా టిక్కులు పెట్టుకుంటూ పోవడం నా పని. జనవరి నెల వచ్చింది. పదమూడో తారీకున 96 మంది పిల్లలు హాజరు. పద్నాలుగున 96. పదిహేనున 96. ఆ లెక్కన బియ్యం, కందిపప్పు, నూనె, మనిషికొక కోడిగుడ్డు ఖర్చు రాసేశారు. అంకెలన్నీ సరిగ్గా కలిశాయి, కూడికల్లో ఒక్క తప్పు లేదు. నేను పేజీ తిప్పబోతూ ఆగాను. పదమూడు భోగి, పద్నాలుగు సంక్రాంతి, పదిహేను కనుమ. పెద్ద పండగ మూడు రోజులూ ఒక్క పిల్లవాడు కూడా ఇంటికి వెళ్లలేదా?

వార్డెన్ గారిని అడిగితే ఆయన నేలచూపులు చూశారు. మధ్యాహ్నం మంచినీళ్ల కోసం వంటింటి వైపు వెళ్లినప్పుడు వంటమనిషిని మామూలుగా అడిగాను, పండక్కి ఏం వండావమ్మా అని. ఆవిడ నవ్వింది. “పండక్కి పిల్లలెవరుంటారు బాబూ? భోగి ముందురోజే పెట్టెలు సర్దుకుని పోయారు. నేనూ తాళం పెట్టేసి మా అన్నయ్య వాళ్లింటికి వెళ్లిపోయాను” అంది.

మూడు రోజుల కోడిగుడ్లంటే ఎంత? పెద్ద మొత్తమేమీ కాదు. పత్రికలకు ఎక్కే వార్త కాదు. కానీ ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. కాగితం మీద లెక్క కుదిరినంత మాత్రాన అది నిజం అయిపోదు. ఆ గుడ్డు తినాల్సిన పిల్లవాడు వచ్చి అడగడు, అతనికి తెలియను కూడా తెలియదు. అతని తరఫున అడిగేవారు ఒకరుండాలి.

ఆడిట్‌లో మా పాతవాళ్లకు ‘హాఫ్ మార్జిన్’ అనే మాట ఉండేది. కాగితాన్ని నిలువుగా మడిచి, ఒక సగంలో మా ప్రశ్న రాసేవాళ్లం. రెండో సగం ఖాళీగా వదిలి ఆఫీసరుకు ఇచ్చేవాళ్లం. ఆ ఖాళీ ఆయన జవాబు కోసం. జవాబుదారీతనం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా కళ్లకు ఆ మడత కాగితమే కనిపిస్తుంది. ప్రశ్న రాసేంత వరకే మా పని. రెండో సగం నిండిందా, అక్కడ రాసింది నిజమా, దాన్ని ఎవరైనా చదివారా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఆ రెండో సగం గురించి.

ముందు ఈ ప్రశ్న అడిగే అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మనం కట్టే పన్ను, ప్రభుత్వం తెచ్చే అప్పు, అన్నీ సంచిత నిధిలో చేరతాయి. అందులోంచి ఒక్క రూపాయి తీయాలన్నా చట్టసభ ఆమోదం కావాలి. బడ్జెట్ సమావేశాల్లో రోజుల తరబడి జరిగే చర్చంతా ఆ ఆమోదం కోసమే. సరే, సభ డబ్బు మంజూరు చేసింది, ఏడాది గడిచింది. ఏ పనికని ఇచ్చామో ఆ పనికే ఖర్చయిందా అని సభ్యులు తెలుసుకునేది ఎలా? మంత్రిగారు అయిందంటారు. ఆయన మాట నిజమో కాదో ఆయన కింద పనిచేయని మనిషి ఒకరు చూసి చెప్పాలి. ఆ మనిషే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, మనం వార్తల్లో వినే ‘కాగ్’.

మన దేశానికి మొదటి ఆడిటర్ జనరల్ 1860లో వచ్చారు, ఎడ్మండ్ డ్రమండ్ అనే దొర. ఆనాటి ఆడిట్ రాణిగారి ప్రభుత్వం తన గుమాస్తాల మీద పెట్టుకున్న నిఘా. ప్రజలు లెక్క అడగడం అన్న ఊహే అందులో లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పాత కుర్చీకే కొత్త యజమాని వచ్చాడు. ఆ యజమాని పౌరుడు. 1949 మే 30న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ పదవి గురించి మాట్లాడుతూ, రాజ్యాంగంలోని అధికారులందరిలోనూ బహుశా ఈయనే అత్యంత ముఖ్యుడని, ఈయన బాధ్యతలు న్యాయవ్యవస్థ బాధ్యతల కన్నా కూడా ముఖ్యమైనవని అన్నారు. అంతటితో ఊరుకోలేదు. న్యాయవ్యవస్థకు ఇచ్చినంత స్వాతంత్ర్యం ఈ పదవికి మనం ఇవ్వలేదని కూడా బాధపడ్డారు. ఆయన ప్రశంసను మా ఉద్యోగులం ప్రతి సభలో చెప్పుకుంటాం. ఆ బాధను మాత్రం అంతగా గుర్తుచేసుకోం. గుర్తుచేసుకోవాలి.

అయినా ఇచ్చిన రక్షణలు తక్కువేం కాదు. కాగ్‌ను నియమించేది రాష్ట్రపతి. తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలోనే, పార్లమెంటు రెండు సభల్లో తీర్మానం నెగ్గాలి. ఆరేళ్లు గాని, 65 ఏళ్ల వయసు వచ్చేదాకా గాని, ఏది ముందైతే అంతవరకు పదవి. జీతం ఏటా సభ ఓటుకు రాదు. ప్రమాణ స్వీకారం మాటలు కూడా సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ప్రమాణంలోవే. పదవి దిగాక కేంద్రంలో గాని, రాష్ట్రాల్లో గాని ప్రభుత్వ ఉద్యోగం చేయకూడదు. రేపు ఏదో దక్కుతుందన్న ఆశ ఈ రోజు రాసే పేరాను మెత్తబరచకూడదని ఆ నిబంధన పెట్టారు. స్వతంత్ర భారతంలో తొలి కాగ్ వి. నరహరి రావు గారు. 2024 నవంబరు నుంచి ఆ పదవిలో ఉన్న కె. సంజయ్ మూర్తి గారు మన తెలుగువారు.

ఇక ఆడిట్ పేరా ఎలా పుడుతుందో చెబుతాను. దీని గురించి బయట చాలా అపోహలున్నాయి. ఆడిట్ పార్టీ ఒక ఆఫీసుకు వెళ్తుంది. క్యాష్‌బుక్కు, ఓచర్లు, టెండరు ఫైళ్లు, మెజర్‌మెంట్ పుస్తకాలు చూస్తుంది. అనుమానం వచ్చిన చోట ప్రశ్న వేస్తుంది. జవాబు తృప్తిగా ఉంటే ప్రశ్న అక్కడితో పోతుంది. లేకపోతే ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో పేరా అవుతుంది. పెద్ద విషయమైతే దాన్ని ముసాయిదాగా శాఖ కార్యదర్శికి పంపి, ఆరు వారాల్లో జవాబివ్వమంటారు. ఆ జవాబును కూడా కలిపి, అది ఎందుకు ఒప్పుకోదగిందో, ఎందుకు కాదో రాసి, అప్పుడు నివేదికలో పెడతారు. కేంద్రం నివేదిక రాష్ట్రపతికి, రాష్ట్రం నివేదిక గవర్నరుకు వెళ్తుంది. వాళ్లు దాన్ని సభ ముందు పెట్టిస్తారు. సభ దాన్ని ప్రజా పద్దుల సంఘానికి, అంటే పీఏసీకి అప్పగిస్తుంది. ఆ సంఘం కార్యదర్శులను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతుంది.

ఇంత చుట్టు ఎందుకంటారా? ఆ జవాబుకు అవకాశం ఇవ్వకపోతే మేము చాలా అన్యాయాలు చేసేవాళ్లం. ఒకసారి ఒక చిన్న ఇంజనీరు గారు కొటేషన్లు పిలవకుండా వేల కొద్దీ ఖాళీ గోనె సంచులు కొన్నారని నేనే ప్రశ్న రాశాను. నిబంధన ప్రకారం అది తప్పే. ఆయన రెండో సగంలో నాలుగు వాక్యాలు రాశారు. తుఫాను రాత్రి, కాల్వగట్టుకు గండి పడే స్థితి, కింద రెండు ఊళ్లు, తెల్లవారేలోగా ఇసుక బస్తాలు వేయాలి. బజారులో కొట్టు తలుపులు కొట్టి, నిద్ర లేపి, ఉన్నవన్నీ తెచ్చామన్నారు. తహసీల్దారు ఆ రాత్రి రాసిన నోటు కూడా జత చేశారు. మా పార్టీ పెద్దాయన ఆ కాగితం చదివి, “ఈ ప్రశ్న కొట్టెయ్. ఈయన కొటేషన్ల కోసం ఆగి ఉంటే మనం ఇంకో పేరా రాయాల్సి వచ్చేది, అది చాలా పెద్దది అయ్యేది” అన్నారు. ఆడిట్‌కు భయపడి పని చేయడమే మానుకునే అధికారులు ఉన్నారు. సంతకం పెట్టకపోతే పేరా పడదు కదా అని ఫైలును అలాగే తిప్పుతారు. దానికి ఆడిట్‌లో కొంత దోషం ఉంది. గోనె సంచులకు, పండగ గుడ్లకు తేడా తెలియని ఆడిటరు ప్రజలకు మేలు చేయడు.

ఇప్పుడు బిహార్ సంగతి చెప్పుకోవాలి. జవాబు రాయాల్సిన సగం ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోతే ఏమవుతుందో దాణా కుంభకోణం కన్నా బాగా చెప్పే కథ నాకు తెలియదు.

1985 ప్రాంతంలో అప్పటి కాగ్ టి.ఎన్. చతుర్వేది ఒక మామూలు విషయం గమనించారు. బిహార్ ట్రెజరీల నుంచి, శాఖల నుంచి రావాల్సిన నెలవారీ లెక్కలు సమయానికి రావడం లేదు. బయటివాళ్లకు ఇది గుమాస్తాల బద్ధకంలా కనిపిస్తుంది. లెక్కలతో బతికినవాళ్లకు అలా కనిపించదు. లెక్క ఆలస్యమైందంటే ఎవరో దాన్ని ఇంకా ‘తయారు’ చేస్తున్నారేమో అన్న అనుమానం రావాలి. ఆయనకు వచ్చింది. ముఖ్యమంత్రికి హెచ్చరిక రాశారు. ఆ తర్వాత పదేళ్ల పాటు పశుసంవర్ధక శాఖ ఖర్చు సాగుతూనే వచ్చింది. సభ మంజూరు చేసిన దానికన్నా ఎక్కువ డబ్బు ట్రెజరీల నుంచి బయటికి పోయింది. లేని పశువులకు దాణా, లేని జబ్బులకు మందులు. మంజూరు ఎంత, ఖర్చు ఎంత అన్నది పక్కపక్క గళ్లలో అచ్చయ్యే అంకెలే. ఆ రెండు అంకెలను కలిపి చూసి ఎందుకని అడగాల్సినవాళ్లు అడగలేదు.

చివరికి 1996 జనవరిలో చాయ్‌బాసాలో డిప్యూటీ కమిషనర్ అమిత్ ఖరే పశుసంవర్ధక శాఖ కార్యాలయాల మీద దాడి చేయించారు. దొంగ బిల్లులు గుట్టలుగా బయటపడ్డాయి. తర్వాతి విచారణల్లో, పశువులను, దాణాను మోశాయని బిల్లుల్లో రాసిన లారీల నెంబర్లు కొన్ని స్కూటర్లవని తేలింది. ఒక స్కూటరు మీద ఎద్దులు ఊళ్లు దాటినట్టు రాసిన కాగితానికి ఒక ఉద్యోగి సంతకం చేశాడు, ఇంకొకరు పాస్ చేశారు, ట్రెజరీ డబ్బు ఇచ్చింది. మొత్తం నష్టం 900 కోట్లకు పైనే అని అంచనా. చాయ్‌బాసా కేసుల్లో ఒకదానిలో ఇద్దరు మాజీ ముఖ్యమంత్రులు, లాలూ ప్రసాద్ యాదవ్, జగన్నాథ్ మిశ్రాలను కోర్టు దోషులుగా తేల్చింది 2013లో. 1985కు, 2013కు మధ్య 28 ఏళ్లు. ఆ 28 ఏళ్లలో బిహార్ పల్లెల్లో ఒక గేదె, ఒక మేక ఇస్తారని ఎదురుచూసిన పేద కుటుంబాల లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధించేది అదే.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున మొబైల్ ఫోన్ కంపెనీలకు ఇచ్చిన 2జీ స్పెక్ట్రమ్ కథ ఉంది. ఇక్కడ కాగ్ నివేదికను చదవలేదని చెప్పలేం. దేశమంతా చదివింది. కానీ ఒక్క అంకెనే చదివింది. 2010 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదికలో ఖజానాకు పోయిందనుకునే రాబడిని వేర్వేరు పద్ధతుల్లో లెక్కగట్టారు. ఒక పద్ధతిలో 57,666 కోట్లు, ఇంకో పద్ధతిలో 1,76,645 కోట్లు, మధ్యలో మరికొన్ని. ఆ పెద్ద అంకె ఒక్కటే టీవీల్లోకి, గోడలమీదికి, ఎన్నికల సభల్లోకి వెళ్లింది. నిజానికి నివేదికలో గట్టి విషయం వేరే ఉంది. 2008లో లైసెన్సులు ఇచ్చేటప్పుడు దరఖాస్తుల గడువును ముందుకు జరపడం, 2001 నాటి ధరకే ఇవ్వడం, అర్హత లేనివాళ్లకు ఇవ్వడం. సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో 122 లైసెన్సులు రద్దు చేసింది కేటాయింపు పద్ధతి తప్పని తేల్చే. తర్వాత 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులని వదిలేసింది.

అప్పుడు కొందరు మిత్రులు నన్ను నిలదీశారు. కోర్టు కేసు కొట్టేసిందిగా, మరి మీ కాగ్ అబద్ధం రాసినట్టేనా అని. కాదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. ఫలానావాడు లంచం తిన్నాడని ఆడిట్ చెప్పదు, చెప్పకూడదు. అది పోలీసులు వెతకాల్సింది, కోర్టు తేల్చాల్సింది. ఆడిట్ చెప్పేది పద్ధతి తప్పారని, దానివల్ల ప్రజలకు ఇంత పోయి ఉండవచ్చని. నేరం రుజువు కానంత మాత్రాన పద్ధతి సరైనదైపోదు. అలాగే పేరా పడినంత మాత్రాన మనిషి దొంగ అయిపోడు. ఈ రెండో మాటను కూడా అంతే గట్టిగా అంటున్నాను. నివేదికను పట్టుకుని మనుషుల పరువు తీసినవాళ్లు ఆడిట్‌కూ నష్టమే చేశారు. అలాగే ‘ఇంత పోయి ఉండవచ్చు’ అన్న అంకెను వేసేటప్పుడు మా శాఖ ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిందని నా అభిప్రాయం. పెద్ద అంకె వస్తే అది మిగతా నివేదికను మింగేస్తుంది.

మన తెలుగువారికి గుర్తున్న ఘట్టం ఇంకొకటుంది. 1989 జూలైలో బోఫోర్స్ శతఘ్నుల కొనుగోలు మీద కాగ్ నివేదిక పార్లమెంటుకు వచ్చింది. ఆనాడు లోక్‌సభలో ప్రతిపక్షంలో అతిపెద్ద పార్టీ మన తెలుగుదేశం. నివేదిక వచ్చిన కొద్ది రోజులకే ప్రతిపక్ష సభ్యులు మూకుమ్మడిగా రాజీనామా చేసి బయటికి నడిచారు. ఆడిట్ నివేదిక అంత కదలిక తెచ్చిన సందర్భం అంతకుముందు లేదు. ఆ నివేదిక ఇచ్చింది కూడా చతుర్వేది గారే. పదవి దిగాక ఆయన ఒక పార్టీ తరఫున రాజ్యసభకు వెళ్లారు, ఆ తర్వాత కర్ణాటక గవర్నరయ్యారు. రాజ్యాంగం వద్దన్నది ప్రభుత్వ ఉద్యోగాన్ని, వీటిని కాదన్న వాదన ఉంది. ఆయన పనితనం మీద నాకు గౌరవం ఉంది. అయినా ఆ దారి తెరిచి ఉండకూడదనే నేను అనుకుంటాను. ఆడిటరు నిజాయతీగా ఉంటే చాలదు, రేపు ఎవరూ అనుమానించడానికి వీల్లేకుండా కూడా ఉండాలి.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. 2023 అక్టోబరు 21న గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో మొదటి మెట్టు అది. 2024 ఫిబ్రవరిలో కాగ్ నివేదిక తెలంగాణ శాసనసభ ముందుకు వచ్చింది. కేంద్ర జల సంఘానికి 81,911 కోట్లవుతుందని చెప్పిన పథకం ఖర్చు 1,47,427 కోట్లు దాటవచ్చని అందులో ఉంది. పెట్టిన ప్రతి రూపాయికి రూపాయిన్నర ఫలితం వస్తుందని మొదట అంచనా వేస్తే, కాగ్ లెక్కలో అది 52 పైసలకు పడిపోయింది. నీళ్లు ఎత్తిపోయడానికి ఏటా కరెంటుకే 10,000 కోట్లకు పైగా కావాలని కూడా లెక్క తేల్చారు. పథకం కట్టినవాళ్లు ఈ లెక్కలతో ఏకీభవించరు. నీళ్ల విలువను ఇలా కొలవకూడదంటారు. ఆ వాదన వినదగ్గదే. ఎండిన పొలానికి నీరు చేరడం విలువ తెలిసినవాణ్ని నేను, మాది మెట్ట ప్రాంతమే.

నన్ను కలవరపెట్టేది ఆ రెండు తేదీలు. ముందు పియర్లు కుంగాయి, తర్వాత నివేదిక సభకు చేరింది. 52 పైసల ప్రశ్న శంకుస్థాపన నాడు అడిగి ఉంటే? ఆ రోజు అడిగే అధికారం ఆడిట్‌కు లేదు. ఖర్చు జరిగాకే ఆడిట్ వస్తుంది. నిర్ణయం ప్రభుత్వానిది, అందులో ఆడిటరు వేలు పెట్టకూడదు, అది సరే. మరి ఖర్చు మొదలైన మొదటి ఏడాది, రెండో ఏడాదే ఆ అంచనాలను పట్టి చూసి, వెంటనే సభ ముందు పెట్టి ఉంటే చర్చించడానికి ఏదో ఒకటి మిగిలి ఉండేది. సిమెంటు గట్టిపడ్డాక లెక్కలు చెప్పించుకుని ప్రజలు చేసేదేముంది?

ఆలస్యానికి ఇంకో కారణం రాజ్యాంగంలోనే ఉంది. 151వ అధికరణం నివేదికను సభ ముందు పెట్టించాలని చెబుతుంది గాని, ఎన్ని రోజుల్లోనో చెప్పదు. ఆ గడువు లేని చోటును పార్టీల తేడా లేకుండా ప్రభుత్వాలన్నీ వాడుకున్నాయి. బడ్జెట్ సమావేశాల చివరి రోజు చివరి గంటలో నివేదిక బల్ల మీద పెట్టి సభ వాయిదా వేసుకోవడం మన రాష్ట్రాల్లోనూ చూశాం. ఢిల్లీలో ఏకంగా 14 నివేదికలు ఆగిపోయాయి. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఎన్నికల్లో ప్రభుత్వం మారాక, 2025 ఫిబ్రవరి నుంచి గాని అవి శాసనసభకు రావడం మొదలవలేదు. సభలో పెట్టనంత వరకు నివేదికను ఎవరికీ చూపకూడదు. అంటే రాసినవాళ్లకు తెలుసు, దాచినవాళ్లకు తెలుసు, డబ్బు ఎవరిదో ఆ పౌరుడికి మాత్రం తెలియదు. దీన్ని సరిచేయడానికి పెద్ద విప్లవమేమీ అక్కర్లేదు. నివేదిక చేతికందిన ఇన్ని రోజుల్లో సభలో పెట్టాలి, సభ లేకపోతే ప్రజల ముందు పెట్టాలి అని ఒక్క వాక్యం రాసుకుంటే చాలు.

పీఏసీ గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఈ సంఘానికి నూరేళ్లు దాటాయి, 1921లో మొదలైంది. పార్లమెంటు పీఏసీలో 22 మంది సభ్యులు. మంత్రులకు చోటు లేదు. 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుణ్ని అధ్యక్షుడిగా పెట్టడం ఆచారంగా వస్తోంది. చట్టం కాదు, ఆచారం. ఖర్చు పెట్టినవారే తమ లెక్క తామే పరీక్షించుకోకూడదన్న మర్యాద అది. 2024లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ కుర్చీ గురించే గొడవ నడిచింది. ప్రతిపక్షానికి దక్కాల్సింది దక్కలేదని తెలంగాణలో ఒక పార్టీ, ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో పార్టీ ఆందోళన చేశాయి. ఎవరిది ఒప్పన్న తగవులోకి నేను వెళ్లను. కానీ ఈ రోజు అధికారంలో ఉన్నవాళ్లు రేపు ప్రతిపక్షంలో కూర్చుంటారు. ఆ కుర్చీ విలువ ఆ రోజు తెలుస్తుంది.

ఈ మధ్య ఆడిట్ పద్ధతులు బాగా మారాయి. మా కాలంలో వంద ఓచర్లలో పది తీసి చూసేవాళ్లం. ఇప్పుడు కంప్యూటర్లో లక్షల పేర్లు ఒక్కసారి జల్లెడ పడుతున్నారు. 2023 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య పథకం మీద వచ్చిన నివేదిక చూడండి. సుమారు 7.5 లక్షల మంది లబ్ధిదారుల పేర్ల ఎదురుగా ఒకే ఫోను నెంబరు ఉంది, పది తొమ్మిదులు. చనిపోయినట్టు నమోదైన రోగులకు మళ్లీ చికిత్స చేసినట్టు సొమ్ము చెల్లించిన సందర్భాలూ తేలాయి. లబ్ధిదారుణ్ని గుర్తించడానికి ఫోను నెంబరు ఆధారం కాదని ప్రభుత్వం జవాబిచ్చింది. అది వివరణే, నేను తోసిపుచ్చను. కానీ ఆ 7.5 లక్షల మందిలో ఒకరికి ఆపరేషన్ మంజూరైందని కబురు పంపాలంటే ఏ నెంబరుకు పంపుతారు? కంప్యూటరు ఆ పది తొమ్మిదులను పట్టుకోగలదు. ఆ మనిషి ఎవరో, ఏ ఊరో, మందులు అందాయో లేదో అది చెప్పలేదు. దానికి మళ్లీ మా హాస్టల్ వంటమనిషి లాంటివాళ్లే కావాలి.

అందుకే నాకు సామాజిక తనిఖీ అంటే అంత ఇష్టం. 1990లలో రాజస్థాన్‌లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్, వారితోపాటు వందల మంది కూలీలు కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘంగా కరువు పనుల మస్టరు రోల్స్, అంటే కూలీల హాజరు పట్టీలు, చూపించమని పట్టుబట్టారు. 1994 డిసెంబరులో మొదలుపెట్టి ఊళ్లో డేరా వేసి, మైకు పెట్టి, ఆ పేర్లు పైకి చదివారు. చనిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లో లేనివాళ్ల పేర్లు జనం చెవిన పడ్డాయి. సమాచార హక్కు చట్టానికి దారి వేసిన ఉద్యమాల్లో అది ముఖ్యమైనది. ఆ తర్వాత 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్, పనుల మీద గ్రామసభే సామాజిక తనిఖీ చేయాలని రాసింది.

ఆ సెక్షన్‌ను కాగితం మీద నుంచి నేల మీదికి దించడంలో ముందున్నది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైందే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అదే ఏడాది మన రాష్ట్రంలో తనిఖీలు కూడా మొదలయ్యాయి. 2009లో దానికంటూ ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసిన సౌమ్య కిడాంబి దాన్ని ఏళ్ల తరబడి నడిపారు. కూలి పనికి వెళ్లే ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, పక్క ఊళ్లకు పంపేవారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి, ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత చేతికొచ్చింది అని అడిగి, మస్టరుతో సరిచూసి, చివర్లో మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టేవారు. అందులోనూ లోపాలున్నాయి. తేలిన సొమ్ములో వసూలైంది చిన్న భాగమే. తప్పు చేసినవాళ్లు కొన్నాళ్లకు తిరిగి అదే పనిలో చేరిన ఊళ్లున్నాయి. తనిఖీకి వచ్చిన పిల్లలను బెదిరించిన చోట్లూ ఉన్నాయి. అయినా దేశంలో ఇంకెక్కడా ఇంత విస్తారంగా, ఇన్నేళ్లు ఆ పని జరగలేదు. 2011లో కేంద్రం సామాజిక తనిఖీ నియమాలు చేసింది కాగ్‌తో సంప్రదించే. ఢిల్లీలోని పెద్ద ఆడిటరు, ఊళ్లో కూలీ కూతురు ఒకే పని చేస్తున్నారని అప్పటికి ఒప్పుకున్నట్టయింది. నా మటుకు నాకు అది గొప్ప రోజు.

ఉద్యోగం చివరి ఏళ్లలో ఒకసారి ఒక ప్రజావేదికకు వెళ్లాను. నాకక్కడ పనేమీ లేదు, చూడాలనిపించి వెళ్లాను. మండల ఆఫీసు ముందు షామియానా. ఎండ మండిపోతోంది. ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయేమో, చేతిలో కాగితాలతో నిలబడి మస్టరు చదువుతోంది. ఒక పేరు దగ్గర వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ లేచింది. కొంగు నడుముకు బిగించి ముందుకొచ్చి మైకు అడిగి తీసుకుంది.

“ఆ వారం నేను ఊళ్లో లేనమ్మా. మా అమ్మాయి పురుటికి వెళ్లాను, పదిహేను రోజులు అక్కడే ఉన్నాను. పనికి రాలేదు. నాకు డబ్బూ రాలేదు. మరి నా పేరు ఎవరు రాశారు?”

ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. బల్ల వెనక ఎంపీడీవో గారు, పై ఆఫీసరు గారు ఉన్నారు. పక్కన మస్టరు రాసే ఫీల్డ్ అసిస్టెంటు నిలబడి ఉన్నాడు. తనిఖీ అమ్మాయి ఆవిడ చెప్పింది రాసుకుంది. తర్వాత మైకు తీసుకెళ్లి ఫీల్డ్ అసిస్టెంటు చేతికిచ్చింది. “చెప్పండన్నా” అంది. షామియానా కింద రెండు మూడు వందల మంది. ఎవరూ మాట్లాడలేదు. అతను ఒకసారి ఆఫీసరు గారి వైపు చూశాడు, ఒకసారి ఆవిడ వైపు చూశాడు. ఆ అమ్మాయి పెన్ను మూత తీసి, కాగితం మీద పెట్టి, అతని జవాబు కోసం నిలబడింది.